పెద్ద సైజు టైర్లు: ఎస్‌యూవీలకు, పికప్ ట్రక్కులకు ఎంచుకోవడం, బిగించడం

కంపెనీ ఇచ్చిన టైరు కన్నా వ్యాసంలో గానీ, వెడల్పులో గానీ, రెండింటిలో గానీ పెద్దదైన టైరును పెద్ద సైజు టైరు అంటారు. జీపులు, ఎస్‌యూవీలు, పికప్ ట్రక్కులు ఉన్నవాళ్ళు బండికి చేయించే మార్పుల్లో మొదటిది సాధారణంగా ఇదే. కొందరు రాళ్ళు, ఇసుక, బురద దాటడానికి వేయిస్తారు. చాలామంది బండి నిండుగా కనబడాలని వేయిస్తారు. ఏ ఉద్దేశంతో వేయించినా ఫలితం టైరు దగ్గర ఆగదు. గేర్లు, బ్రేకులు, స్టీరింగు, స్పీడోమీటరు అన్నీ కంపెనీ టైరు వ్యాసాన్ని లెక్కలోకి తీసుకుని తయారైనవే కాబట్టి, ఆ ఒక్క అంకె మారితే అన్నిటి పనితీరూ ఎంతో కొంత మారుతుంది.

చరిత్ర

రెండో ప్రపంచయుద్ధం నాటి విల్లీస్ జీపుకు ఉన్నది 6.00-16 టైరు. వెడల్పు ఆరంగుళాలు, ఎత్తు 28-29 అంగుళాలు. ఇప్పటి కంటికి అది సైకిలు టైరుకు అన్నలా కనిపిస్తుంది గానీ, యుద్ధభూమి బురదలో నడిచింది ఆ టైరే. యుద్ధం తర్వాత అమెరికాలో మిగులు జీపులు జనం చేతికి వచ్చాయి. కాలిఫోర్నియా ఎడారుల్లోకి షికారు వెళ్ళేవాళ్ళకు ఆ సన్నటి టైర్లు ఇసుకలో దిగబడేవి. వాళ్ళు విమానాలకూ, వ్యవసాయ యంత్రాలకూ వాడే వెడల్పాటి టైర్లు తెచ్చి జీపులకు వేసుకోవడం మొదలుపెట్టారు. 1960లలో డిక్ సెపెక్ అనే వ్యాపారి ఇలాంటి టైర్లమ్మి పేరు తెచ్చుకున్నాడు. 1967లో మెక్సికోలోని బాహా ద్వీపకల్పంలో మొదలైన ఎడారి పందెం ఈ మోజును ఇంకా పెంచింది. 1976లో బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీ ఆల్ టెర్రైన్ రేడియల్ టైరును తెచ్చింది. రోడ్డు మీద మర్యాదగా నడుస్తూనే రాళ్ళలోకీ దిగగల టైరు మామూలు కొనుగోలుదారుకు అందింది అప్పుడే.

ఇంకో పాయ మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ దగ్గర పుట్టింది. బాబ్ చాండ్లర్ తన 1974 మోడల్ ఫోర్డ్ ఎఫ్-250 ట్రక్కుకు ఏటేటా ఇంకా పెద్ద టైర్లు వేస్తూ పోయాడు. టైరు పెరిగినప్పుడల్లా ఇరుసు విరిగేది. ఇంకా బలమైన ఇరుసు వేస్తే దానికి తగ్గ ఇంకా పెద్ద టైరు వచ్చేది. 'బిగ్‌ఫుట్' అని పేరు పెట్టిన ఆ బండి 1981లో 48 అంగుళాల టైర్లతో పాత కార్ల మీదికెక్కి వాటిని నలిపేసింది. మాన్‌స్టర్ ట్రక్కుల ప్రదర్శనలకు అదే మూలం. ఆ తర్వాత ఆ ట్రక్కులకు స్థిరపడిన 66 అంగుళాల టైరు మెత్తటి పొలాల్లో ఎరువు చల్లే యంత్రాల కోసం తయారైనది.  

చాలాకాలం ఇది యజమానులు సొంతంగా చేయించుకునే మార్పుగానే ఉంది. తర్వాత కంపెనీలే ఆ దారి పట్టాయి. 2018 మోడల్ జీప్ రాంగ్లర్ రూబికాన్‌కు ఇంచుమించు 33 అంగుళాల టైర్లు కంపెనీ నుంచే వచ్చాయి. 2021లో 35 అంగుళాల ప్యాకేజీ వచ్చింది. అదే ఏటి ఫోర్డ్ రాప్టర్ పికప్‌కు 37 అంగుళాలవి కూడా ఎంచుకునే వీలు కల్పించారు. ఇక్కడొకటి గమనించాలి. జీప్ కంపెనీ 35 అంగుళాల టైరు వేసినప్పుడు టైరొక్కటే మార్చలేదు. బండిని ఒకటిన్నర అంగుళాలు లేపింది, ఇరుసుల గేరు నిష్పత్తిని 4.56కి మార్చింది. బయట వేయించుకునేవాళ్ళు చాలాసార్లు వదిలేసేది ఈ మిగతా పనినే.

కొలతలు చదవడం

టైరు పక్కన 235/75 ఆర్15 అని ఉంటే, 235 దాని వెడల్పు మిల్లీమీటర్లలో. 75 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పులో 75 శాతం. ఆర్ అంటే రేడియల్, 15 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో. మొత్తం వ్యాసం కావాలంటే రిమ్మును 25.4తో హెచ్చవేసి, సైడ్‌వాల్‌ను రెండింతలు చేసి కలపాలి. ఈ టైరుకు 381కి 352.5 కలిపితే 733.5 మిల్లీమీటర్లు వస్తుంది. అమెరికాలో పెద్ద టైర్లకు ఇంకో పద్ధతి ఉంది. 35×12.50 ఆర్17 అంటే 35 అంగుళాల ఎత్తు, పన్నెండున్నర వెడల్పు, 17 అంగుళాల రిమ్ము. ఇందులో ఎత్తు నేరుగా తెలిసిపోతుంది. అయితే టైరు మీద రాసినదానికీ, బండి బరువు పడ్డాక నిలిచే ఎత్తుకూ తేడా ఉంటుంది.

రిమ్ము పెద్దదైతే టైరు పెద్దదైనట్టు కాదు. మహీంద్రా థార్‌నే చూడండి. 2020లో వచ్చిన మూడు తలుపుల బండికి 16 అంగుళాల రిమ్ముతో 245/75 టైరు ఉంది, 18 అంగుళాల రిమ్ముతో 255/65 టైరూ ఉంది. రిమ్ములో రెండంగుళాల తేడా ఉన్నా, మొదటి టైరు 774, రెండోది 789 మిల్లీమీటర్లు. తేడా ఒకటిన్నర సెంటీమీటరే. ఐదు తలుపుల థార్ రాక్స్‌లో 19 అంగుళాల రిమ్ముకు వేసే 255/60 టైరు కూడా 789 మిల్లీమీటర్లే. పెద్ద రిమ్ము వేసేకొద్దీ సైడ్‌వాల్ సన్నబడి, గతుకుల్లో రిమ్ము దెబ్బతినే అవకాశం పెరుగుతుంది. బండిని కొండలకు తీసుకెళ్ళేవాళ్ళు 16 అంగుళాల రిమ్మునే ఇష్టపడటానికి కారణం ఇదే.

పెద్ద టైరు ఇచ్చేది

మొదటిది ఎత్తు. వ్యాసం ఎంత పెరిగితే అందులో సగమే నేల నుంచి బండి లేస్తుంది. మారుతీ జిమ్నీకి కంపెనీ ఇచ్చేది 195/80 ఆర్15, అంటే 693 మిల్లీమీటర్లు. దాని బదులు మన దగ్గర చాలామంది వేసే 235/75 వేస్తే వ్యాసం 40 మిల్లీమీటర్లు పెరుగుతుంది, గ్రౌండ్ క్లియరెన్స్ 210 నుంచి 230కి వస్తుంది. 20 మిల్లీమీటర్లు చిన్నగా కనిపించినా విలువ ఉంది. జిమ్నీలో ముందూ వెనకా ఒకే కడ్డీలాంటి ఇరుసులు. వాటి మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే డిఫరెన్షియలే రాయికి మొదట తగులుతుంది. స్ప్రింగులు మార్చి చేసే సస్పెన్షన్ లిఫ్ట్ ఎన్ని అంగుళాలు వేసినా లేచేది బాడీయే. ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. ఇరుసును నేల నుంచి పైకి లేపగలిగేది టైరొక్కటే.

రెండోది గాలి. పెద్ద టైరు అసలు బలం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఒక చక్రం మీద 500 కిలోల బరువు, టైరులో 30 పీఎస్ఐ గాలి ఉన్నాయనుకుందాం. 30 పీఎస్ఐ అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 2.1 కిలోలు. ఆ లెక్కన నేలను తాకే భాగం దాదాపు 240 చదరపు సెంటీమీటర్లు. సైడ్‌వాల్ బిగువు వల్ల కాస్త తేడా వచ్చినా, టైరు చిన్నదైనా పెద్దదైనా ఈ విస్తీర్ణం పెద్దగా మారదు. ఆకారం మారుతుంది, అంతే. గాలిని 15 పీఎస్ఐకి దించితే మాత్రం విస్తీర్ణం ఇంచుమించు రెట్టింపవుతుంది. టైరు ముందుకీ వెనక్కీ సాగి ఇసుక మీద పరుచుకుంటుంది. చిన్న టైరులో అంత గాలి తీస్తే రిమ్ము నేలకు తగిలే ప్రమాదం ఉంటుంది. పెద్ద టైరులో గాలి ఎక్కువ, సైడ్‌వాల్ పొడవు, అందుకే గాలి తీయడానికి వీలుంటుంది. కంపెనీ టైరుతోనే గాలి తగ్గించి ఇసుక దాటేవాళ్ళు, కొత్త పెద్ద టైర్లు వేసి 35 పీఎస్ఐతో అదే ఇసుకలోకి దిగినవాళ్ళ కన్నా ముందుకెళ్ళిపోతారు.

ఈ సూత్రాన్ని పూర్తిగా వాడుకున్నది ఐస్‌లాండ్ వాళ్ళు. హిమానీనదాల మీది లోతైన మంచులో మామూలు బండి కూరుకుపోతుంది. అక్కడి మెకానిక్కులు టయోటా బండ్ల మడ్‌గార్డులు కోసి, 38, 44 అంగుళాల టైర్లు వేసి, గాలిని 2-3 పీఎస్ఐకి తెచ్చి మంచు మీద తేలేలా చేశారు. ఆ పనిలో పేరున్న ఆర్కిటిక్ ట్రక్స్ తయారుచేసిన హైలక్స్‌లు 2007లో బీబీసీ 'టాప్ గేర్' బృందాన్ని ఉత్తర అయస్కాంత ధ్రువం దిశగా తీసుకెళ్ళాయి. అంత తక్కువ గాలిలో టైరు అంచు రిమ్ము నుంచి జారిపోకుండా ఉండటానికి బీడ్‌లాక్ అనే రిమ్ము వాడతారు. అది టైరు అంచును బోల్టులతో బిగించి పట్టి ఉంచుతుంది. గాలి తగ్గించిన టైరుతో నెమ్మదిగానే వెళ్ళాలి. తారు రోడ్డు ఎక్కేముందు గాలి మళ్ళీ నింపకపోతే సైడ్‌వాల్ వేడెక్కి పగిలిపోతుంది.

వెడల్పు ఎప్పుడూ మేలు చేయదు. ఇసుక, మంచు మీద తేలాలి కాబట్టి అక్కడ వెడల్పు పనికొస్తుంది. పైన జారుడు, కింద గట్టి నేల ఉన్న బురదలో సన్నటి టైరే కోసుకుంటూ దిగి పట్టు దొరికించుకుంటుంది. తడిసిన నల్లరేగడిది ఇంకో సమస్య. ఆ మట్టి ట్రెడ్ గాళ్ళలో నిండిపోయి టైరును నున్నటి గుండు చేసేస్తుంది. అక్కడ కావలసింది వెడల్పు కన్నా మట్టిని విసిరేసే పెద్ద పెద్ద ఖాళీలున్న మడ్ టెర్రైన్ రకం. అదే టైరు హైవే మీద గోల చేస్తుంది, త్వరగా అరుగుతుంది, వాన పడ్డ తారు మీద బ్రేకు వేస్తే ఎక్కువ దూరం జారుతుంది. నెలకోసారి అడవి దారి, మిగతా రోజులు ఊళ్ళో తిరుగుడు ఉన్నవాళ్ళకు ఆల్ టెర్రైన్ చాలు.

పెద్ద టైరు తీసుకునేది

జిమ్నీ ఉదాహరణలో వ్యాసం దాదాపు 5.8 శాతం పెరిగింది. స్పీడోమీటరు చక్రం ఎన్నిసార్లు తిరిగిందో చూసి వేగం చెబుతుంది. కొత్త టైరు ఒక చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది కాబట్టి, పాత టైరుతో 80 చూపించిన చక్రవేగంలో ఇప్పుడు బండి 84.7 దగ్గర నడుస్తుంది. కిలోమీటర్ల లెక్కా అంతే. పాత లెక్కన 100 అయ్యే దూరానికి మీటరు 94.5 చూపిస్తుంది. పెద్ద టైర్లు వేయించాక మైలేజీ పడిపోయిందనేవాళ్ళ లెక్కలో కొంత భాగం ఈ తప్పే. మిగతాది నిజంగానే పడిపోతుంది. బరువు, రాపిడి, గాలి నిరోధం మూడూ పెరుగుతాయి మరి.

బండి చురుకుదనం తగ్గడం మొదటి రోజే తెలుస్తుంది. పెద్ద చక్రాన్ని తిప్పాలంటే ఇంజను ఎక్కువ కష్టపడాలి, ప్రతి గేరూ కాస్త పై గేరులా పనిచేస్తుంది. ఘాట్ రోడ్డులో మూడో గేరుతో ఎక్కే చోట రెండుకు దించాల్సి వస్తుంది. అమెరికాలో దీనికి ఇరుసులోని క్రౌన్, పీనియన్ గేర్లు మార్చేస్తారు. పాత నిష్పత్తిని కొత్త వ్యాసంతో హెచ్చవేసి పాత వ్యాసంతో భాగిస్తే కావలసిన నిష్పత్తి వస్తుంది. 31 అంగుళాల నుంచి 35కి వెళ్ళే బండిలో 3.73 ఉంటే, పాత చురుకుదనం రావడానికి 4.21 కావాలి. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి ముందు వెనక రెండు ఇరుసుల్లోనూ మార్చాల్సిందే. ఒక్కదానిలోనే మారిస్తే, ఫోర్ వీల్ డ్రైవ్ వేసినప్పుడు రెండు ఇరుసులకూ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది.

బ్రేకుల సంగతి మరింత ముఖ్యం. డిస్కు పట్టే బలం అదే, చక్రం వ్యాసార్ధం పెరిగింది. కాబట్టి అదే పెడల్ ఒత్తిడికి రోడ్డు మీద ఆపే బలం ఇంచుమించు అంతే శాతం తగ్గుతుంది. పైగా 35 అంగుళాల టైరు ఒక్కోటీ సుమారు 28-30 కిలోలుంటుంది. తిరిగే బరువును ఆపడం ఊరికే మోసే బరువును ఆపడం కన్నా కష్టం. ఆ బరువు చక్రం బేరింగులకూ, బాల్ జాయింట్లకూ, టై రాడ్ ఎండ్లకూ భారమవుతుంది. ముందు గట్టి ఇరుసున్న జీపుల్లో ఇవి వదులైతే ఒక గతుకు తగిలాక స్టీరింగు ఆగకుండా ఊగిపోతుంది. బండి దాదాపు ఆగేదాకా ఆ ఊగు తగ్గదు. కొత్త బ్రాండు టైర్లదే తప్పనుకునేవాళ్ళున్నారు. చాలాసార్లు టైరు చేసింది పాత అరుగుదలను బయటపెట్టడమే.

రాసుకోవడం, లేపడం

టైరు బండికి పడుతుందా అన్నది బండి నిలబడి ఉన్నప్పుడు తేలదు. స్టీరింగు పూర్తిగా తిప్పి, ఒకవైపు చక్రం రాయి మీదికి ఎక్కించి, సస్పెన్షన్ అణిగినప్పుడు చూడాలి. లోపలి ప్లాస్టిక్ మడ్‌గార్డు, బంపరు మూల, ఛాసిస్ పట్టీ, స్టెబిలైజర్ బారు, వీటిలో ఏదో ఒకచోట రాసుకుంటుంది. రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము మధ్యరేఖకూ, అది హబ్బుకు ఆనే ముఖానికీ మధ్య దూరం) తగ్గిస్తే టైరు బయటికి జరిగి లోపల ఖాళీ వస్తుంది గానీ, తిరిగేటప్పుడు అది ఇంకా పెద్ద వంపు తీసుకుని బంపరుకు తగలొచ్చు. బయటికి పొడుచుకొచ్చిన టైరు వెనకవాళ్ళ అద్దాల మీదికి రాళ్ళు విసురుతుంది కాబట్టి మడ్ ఫ్లాపులు తప్పనిసరి.

లిఫ్ట్ రెండు రకాలు. సస్పెన్షన్ లిఫ్ట్‌లో స్ప్రింగులు, షాకులు మారతాయి. బాడీ లిఫ్ట్‌లో ఛాసిస్‌కూ బాడీకీ మధ్య దిమ్మెలు పెడతారు. మొదటిదానిలో డ్రైవ్ షాఫ్టుల కోణం, స్టీరింగు అక్షం వాలు అయిన క్యాస్టర్ కోణం మారతాయి, వాటిని సరిచేసే భాగాలు కూడా కొనాలి. ఏది చేసినా గరిమనాభి పైకి పోతుంది, మలుపుల్లో బండి తూలుతుంది. ముందు భాగం లేస్తే హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొడతాయి. లైట్లు దించి సరిచేయడం పావుగంట పని. అది చేయకుండా రాత్రి హైవే ఎక్కడం నేరంతో సమానమని నేనంటాను.

చట్టం

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించి ఆర్‌సీలో నమోదైన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో ఒక కేరళ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌నే గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకూ యజమానికి ఐదు వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకూ జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆచరణలో తక్కువ చిక్కులున్న దారి ఒకటుంది. అదే మోడల్‌లో పై వేరియంటుకు కంపెనీ ఇచ్చే సైజు వేసుకోవడం. థార్ 16 అంగుళాల బండి ఉన్నవాళ్ళు 255/65 ఆర్18కి వెళ్ళడం ఇలాంటిదే. అంతకు మించితే బీమా కంపెనీకి ముందే తెలియజేయాలి. ప్రమాదం తర్వాత క్లెయిము దగ్గర ఈ విషయం తప్పక పైకొస్తుంది.

ఇతర దేశాల్లో తలో రకం. ఆస్ట్రేలియా జాతీయ మార్గదర్శకాల్లో ఆఫ్ రోడ్ బండ్లకు కంపెనీ ఇచ్చే అతిపెద్ద టైరు మీద 50 మిల్లీమీటర్ల వరకూ పెంచుకోవచ్చు. అమెరికాలో ప్రతి రాష్ట్రానిదీ వేరే నియమం. టెక్సస్‌లో పికప్ కొనుక్కున్న మన తెలుగువాళ్ళు కాలిఫోర్నియాకు మారినప్పుడు అక్కడి ఎత్తు పరిమితి చూసుకోవాలి. ముందు లేపి వెనక దించే ఫ్యాషన్‌కు నార్త్ కరోలినా 2021లో అడ్డుకట్ట వేసింది. ముందు ఫెండరు వెనకదాని కన్నా నాలుగంగుళాలు గానీ, అంతకు మించి గానీ ఎత్తుండకూడదని ఆ నియమం.

కొనేటప్పుడు

సైజు తర్వాత చూడాల్సింది లోడ్ ఇండెక్స్. 105 అంటే ఆ టైరు 925 కిలోలు మోస్తుంది, 112 అంటే 1,120. కొత్త టైరుది కంపెనీ టైరు కన్నా తక్కువ కాకూడదు. పక్కనే ఉండే అక్షరం వేగ పరిమితి. క్యూ అంటే 160, ఎస్ అంటే 180 కిలోమీటర్లు. మడ్ టెర్రైన్ టైర్లలో క్యూ ఎక్కువగా కనిపిస్తుంది. సైజు ముందు ఎల్‌టీ అని ఉంటే అది లైట్ ట్రక్ టైరు. సైడ్‌వాల్ గట్టిగా, బరువుగా ఉంటుంది. అదే బరువు మోయడానికి మామూలు టైరు కన్నా ఎక్కువ గాలి కావాలి.

రిమ్ము వెడల్పును మన దుకాణాల్లో చాలామంది పట్టించుకోరు. ప్రతి టైరుకూ అనుమతించిన రిమ్ము వెడల్పు పరిధి ఉంటుంది. జిమ్నీ రిమ్ము ఐదున్నర అంగుళాలు. 215/75 ఆర్15 టైరుకు ఐదున్నర నుంచి ఏడు వరకూ పనికొస్తుంది, కాబట్టి అది పడుతుంది. 235/75కి కనీసం ఆరు కావాలి. పాత రిమ్ముకే 235 ఎక్కిస్తే టైరు మధ్యలో ఉబ్బి, నడిభాగం ముందు అరుగుతుంది, మలుపుల్లో తేలిపోయినట్టుంటుంది. అంటే 235 ధరలో రిమ్ముల ధర కూడా కలిసే ఉందన్నమాట.

సైడ్‌వాల్ మీద నాలుగంకెల తేదీ చదవడం మర్చిపోకూడదు. 2324 అంటే 2024 సంవత్సరం 23వ వారం. కొనేది నాలుగు కాదు, ఐదు. స్టెప్నీ పాత సైజుదే ఉంటే, పంచరైన రోజు ఫోర్ వీల్ డ్రైవ్ వాడటానికి వీలుండదు. వ్యాసాల తేడా వల్ల ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది. వెనక తలుపుకు వేలాడే స్టెప్నీ అయితే పెరిగిన బరువుకు కీళ్ళు తట్టుకుంటాయో లేదో చూడాలి. కింద బిగించే రకమైతే ఆ జాగాలో పడుతుందో లేదో ముందే కొలవాలి.

బిగించడం

పెద్ద టైర్లు వేసే అలవాటున్న దుకాణం దొరికితే సగం పని అయినట్టే. మిషను మీద పాత టైరు తీశాక రిమ్ము అంచు తుప్పును బ్రష్షుతో గీకాలి, లేకపోతే అక్కడి నుంచే గాలి పోతుంది. వాల్వు కొత్తది వేయాలి. టైరు మీద పసుపు చుక్క ఉంటే అది తేలికగా ఉన్న వైపు. దాన్ని వాల్వు దగ్గరికి తెస్తే బ్యాలెన్సింగుకు తక్కువ సీసం పడుతుంది. దిశ చూపే బాణం ఉంటే బండి ముందుకు వెళ్ళే వైపు తిరగాలి. అంచుకు సబ్బు నీళ్ళు పూసి గాలి కొడితే రెండు వైపులా 'టప్పు'మని కూర్చుంటుంది. 40 పీఎస్ఐ దాకా కొట్టినా కూర్చోకపోతే గాలి తీసేసి మళ్ళీ సర్దాలి. ఇంకా కొడుతూ పోతే అంచు తెగి పేలి మనుషులు చచ్చిపోతారు.

నట్లు ఎదురెదురుగా వేసుకుంటూ, బండి పుస్తకంలో ఉన్న అంకెకు టార్క్ రెంచితో బిగించాలి. గాలి తుపాకీతో గట్టిగా కొట్టేస్తే స్టడ్డు సాగుతుంది. తర్వాత ఎప్పుడో దారిలో విరుగుతుంది. 80-100 కిలోమీటర్లు నడిచాక ఇంకోసారి బిగించాలి. అలైన్‌మెంట్ అదే రోజు చేయించాలి.

ఇక ఎంత గాలి పెట్టాలన్నది మిగిలింది. తలుపు దగ్గరి స్టిక్కరు మీద ఉన్న అంకె పాత టైరుది. టైరు పక్కన రాసిన గరిష్ఠ అంకె అసలు పెట్టాల్సిందే కాదు. గాలి విషయంలో నిర్లక్ష్యం ఎంత దూరం పోతుందో 2000 సంవత్సరంలో అమెరికా చూసింది. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకు వేసిన ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ ఊడిపోయి బండ్లు పల్టీ కొట్టాయి. 65 లక్షల టైర్లు వెనక్కి పిలిచారు. ఫోర్డ్ సూచించిన 26 పీఎస్ఐ చాలా తక్కువన్నది ఆనాటి వాదాల్లో ఒకటి. అదే ఏడాది వచ్చిన చట్టమే తర్వాత అక్కడి కొత్త తేలికపాటి బండ్లన్నిటికీ టైరు గాలి హెచ్చరిక వ్యవస్థ తప్పనిసరి కావడానికి దారితీసింది. టైరు కంపెనీలు ఇచ్చే పట్టికలో బండి బరువుకు తగిన అంకె దొరుకుతుంది. దాంతో మొదలుపెట్టి సుద్దముక్కతో పరీక్షించవచ్చు. ట్రెడ్ మీద అడ్డంగా మందపాటి గీత గీసి, తిన్నని రోడ్డు మీద కొద్ది దూరం నడిపి దిగి చూస్తే, గీత మధ్యలోనే చెరిగితే గాలి ఎక్కువ, అంచుల్లోనే చెరిగితే తక్కువ. అంతటా ఒకేలా చెరిగేదాకా రెండేసి పీఎస్ఐ సర్దుతూ, పట్టికలో ఆ బరువుకు చెప్పిన కనీసానికి దిగకుండా చూసుకుని, దొరికిన అంకెను తలుపు లోపల పాత స్టిక్కరు పక్కనే రాసి అతికించుకోవాలి.